మార్లవాయి పంతుళ్లు

ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1961లో షెర్పాల ఊరు ఖుంజుంగ్‌లో బడి కట్టించి, కొండ ఎక్కించినవాళ్ల రుణం కొంత తీర్చుకున్నాడు. ఎవరెస్టు లొంగిన 1953లోనే ఆ షెర్పాల మధ్యకు ఇంకో తెల్లాయన వెళ్లాడు, వాళ్ల మీద పుస్తకం రాయడానికి. ఆయన మాత్రం అలాంటి బడి ఒకటి అప్పటికే తెలుగు నేల మీద పెట్టించి వచ్చాడు. పేరు హైమన్‌డార్ఫ్.

మా ఉయ్యూరు వైపు చెరకు రైతు పట్టా కాగితాన్ని ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచుకుంటాడు. హైమన్‌డార్ఫ్ బడి కథ ఆ కాగితం లేని రైతుల కథే.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. మనుషుల ఆచారాలను వాళ్ల మధ్యే ఉండి చదవడం ఆయన విద్య. 1939లో భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మన దేశానికి వచ్చేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ మింగేసింది కనుక చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రువు! చివరికి నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. ఆ చిక్కే వరమైంది. చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర ఏళ్లు గడిపాడు.

1940లో జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కొమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకు రమ్మని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. దంపతులు ఆదిలాబాద్ అడవుల్లోని గోండు పల్లె మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. గోండీ నేర్చుకున్నారు. ఊరి పెద్ద లచ్చు పటేల్ ఆప్తుడయ్యాడు. జవాబు వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. తరతరాలుగా దున్నుకుంటున్న నేలకు కాగితం లేదు. ఎవరైనా కాగితం చూపిస్తే అందులో ఏముందో తెలియదు. షావుకారు, పట్వారీ, అడవి జవాను ఏది చదివితే అదే రాత.

సరే, బడి పెడదామంటే ఎలా? సర్కారు చదువు ఉర్దూలో, పిల్లల నోట్లో గోండీ. బయటి పంతులుకు భాష రాదు, పైగా అడవి జ్వరాలకు జడిసి నిలవడు. గోండు పంతులు కావాలంటే చదువుకున్న గోండులే కరువు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు.

ముడి విప్పింది కాసిన్ని మరాఠీ అక్షరాలు. పక్కనే మరాఠీ సీమ కాబట్టి ఎక్కడో ఒకరిద్దరు గోండు కుర్రాళ్లకు ఆ అక్షరాలు అరకొరగా వచ్చు. అలాంటివాళ్లను ఏరి 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం తెరిచారు. మరాఠీ రాసే నాగరి లిపిలోనే గోండీ వాచకాలు తయారయ్యాయి. గోండీలో నీళ్లను 'ఏర్' అంటారు, వింటే మన ఏరు గుర్తొస్తుంది. పొద్దున అమ్మ నోట విన్న మాటే మధ్యాహ్నం పుస్తకంలో కనిపిస్తే పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుంది! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ క్షణమే.

నేర్చుకున్నవాళ్లు పంతుళ్లయ్యారు, కొందరు పట్వారీలు, అడవి జవాన్లూ అయ్యారు. కాగితం చదివే చెయ్యి మారింది. లక్ష ఎకరాలకు పైగా గిరిజనులకు పట్టాలు దక్కాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులే వచ్చి మొరలు వినే దర్బారు కూడా ఆయన సలహాతో మొదలైందే.

షెర్పాల దగ్గరకు వెళ్లింది ఇదంతా అయ్యాకే. 1970లలో మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, ఆ భూముల్లో చాలా భాగం మైదానాల నుంచి వచ్చినవాళ్ల చేతికి జారిపోయింది. ఆ మాట దాచకుండా పుస్తకంలో రాశాడు.

1987 జనవరిలో హైదరాబాద్‌లో బెట్టీ కన్నుమూస్తే మార్లవాయికే తీసుకొచ్చి సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో కొడుకు ఆయన అస్థికలు మోసుకొచ్చాడు. గోండులు తమ పద్ధతిలో వాటిని బెట్టీ పక్కనే ఉంచారు.