బ్యాటరీ షేర్లు: ఎక్సైడ్, అమరరాజా పోటీలో వార్త ఎంత, సరుకు ఎంత?

మండవల్లి, కైకలూరు వైపు ఇన్వర్టర్ బ్యాటరీ కొనాలన్నా, ట్రాక్టర్‌కి కొత్తది వేయించాలన్నా ముందు వినిపించే పేర్లు రెండు: ఎక్సైడ్, అమరాన్. ఎక్సైడ్‌ది కోల్‌కతా. అమరాన్ తయారుచేసే అమరరాజా తిరుపతి వైపు కంపెనీ, 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించారు. ఇద్దరికీ తిండి పెడుతున్నది నేటికీ సీసం బ్యాటరీయే. షేర్ మార్కెట్లో పందెం మాత్రం లిథియం మీద నడుస్తోంది.

2024 ఏప్రిల్‌లో హ్యుందాయ్, కియాలతో ఎక్సైడ్ అవగాహన ఒప్పందం చేసుకోగానే షేరు ఒక్కరోజులో పది శాతానికి పైగా లేచింది. జూన్‌లో అమరరాజా వంతు. చైనా కంపెనీ గోషన్, స్లొవేకియా ఇనోబాట్‌ల ఉమ్మడి సంస్థతో లిథియం సెల్ టెక్నాలజీ లైసెన్స్ కుదిరిందన్న వార్తకు షేరు మర్నాడే 20 శాతం పెరిగింది. కొద్ది రోజుల్లో 1,700 రూపాయలు దాటింది. 2025 మార్చికల్లా వెయ్యి దరిదాపులకు దిగిపోయింది. పైన ఉన్నప్పుడు లక్ష పెట్టినవారికి అప్పటికి మిగిలింది అరవై వేల లోపే. అదే డబ్బు బంగారం కుదువపెట్టి తెచ్చిందైతే వడ్డీ అదనం.

ఇంతకీ లైసెన్స్ అంటే ఫ్యాక్టరీ కాదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని 2022 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. లక్ష్యం 16 గిగావాట్ అవర్ల సెల్స్. ఇక్కడే చాలామంది పొరబడతారు: బయట కొన్న సెల్స్‌ను పెట్టెలో అమర్చితే అది ప్యాక్. సెల్‌ను ఇక్కడే తయారుచేయడం వేరే పని. దానికి ఏళ్లు పడుతుంది, పెట్టుబడీ ఎక్కువే.

పైగా పోటీ ఈ ఇద్దరి మధ్యే కాదు. కేంద్రం 2021లో తెచ్చిన 18,100 కోట్ల ప్రోత్సాహక పథకంలో మొదటి విడత రిలయన్స్, ఓలా వంటివారికి దక్కింది, ఈ రెండు పాత కంపెనీలకు కాదు. అందరి నెత్తినా చైనా ధర ఉండనే ఉంది. ప్రపంచంలో మూడో వంతుకు పైగా ఈవీ బ్యాటరీలు ఒక్క సీఏటీఎల్ కంపెనీవే. 2022 చివరి నుంచి లిథియం ధర కూలిపోవడంతో దిగుమతి సెల్ ఇంకా చవకైంది.

అలాగని సీసం రేపే పోదు. తిరిగే బండ్లన్నిటికీ మూడు నాలుగేళ్లకోసారి బ్యాటరీ మార్చాల్సిందే, ఆ గిరాకీ స్థిరం. వాట్సాప్‌లో వచ్చే షేర్ టిప్‌లో ఈ లెక్క కనిపించదు. కంపెనీలు మూడు నెలలకోసారి ఇచ్చే ఫలితాల్లో కనిపిస్తుంది: సెల్ ప్లాంట్ మీద ఎంత ఖర్చయింది, ఉత్పత్తి ఎప్పుడంటున్నారు, పోయినసారి చెప్పిన తేదీ ఏమిటి.