ఆరు నెలలనుకున్న ప్రాజెక్టు, 26 ఏళ్ళు పట్టింది!

సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పిన గడువుకి ఏ పనీ పూర్తి చెయ్యరని లోకంలో మాకో పేరుంది. అలా అనేవాళ్ళకి ఫ్రెడరిక్ టేలర్ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు. ఆయన 1880లో, ఆరు నెలల్లో అయిపోతుందనుకుని ఒక పని మొదలుపెట్టాడు. ఫలితాలు లోకానికి చెప్పింది 1906లో! ప్రశ్న మాత్రం చాలా చిన్నది: ఇనుమునీ స్టీలునీ ఎంత వేగంతో కొయ్యాలి?

ఇందులో అంత కష్టమేముంది అంటారా? నెమ్మదిగా కోస్తే పని సాగదు. వేగం పెంచితే పనిముట్టు అంచు వేడెక్కి మొద్దుబారుతుంది. అప్పుడు మిషను ఆపి, దాన్ని ఊడదీసి సాన పట్టాలి. పైగా చూసుకోవాల్సింది నిమిషానికి ఎన్ని చుట్లు అని కాదు, అంచు లోహం మీద ఎంత దూరం నడిచిందని. మెత్తటి స్టీలుకి హైస్పీడ్ స్టీల్ డ్రిల్ బిట్టుతో నిమిషానికి 30 మీటర్లు అనుకుందాం. 10 మిల్లీమీటర్ల బిట్టుని సుమారు 950 చుట్లు తిప్పొచ్చు. 20 మిల్లీమీటర్లదైతే అందులో సగమే. మిల్లింగ్ కట్టరుకీ ఇదే లెక్క.

టేలర్ ఫిలడెల్ఫియాలో కలిగినవారి బిడ్డ. 1878లో మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో కూలీగా చేరి, త్వరలోనే మేస్త్రీ అయ్యాడు. ఏ మిషను మీద రోజుకి ఎంత పని అవుతుందో పనివాళ్ళకే తెలుసు, ఆయనకి తెలియదు. రోజూ వాళ్ళతో పేచీయే. ఆ పేచీలోంచే ఈ ప్రయోగాలు పుట్టాయి. 66 అంగుళాల బోరింగ్ మిల్లు మీద రైలింజను చక్రాల పట్టాలు కోస్తూ మొదలుపెట్టి, చివరికి 30 వేలకి పైగా ప్రయోగాలు రాసిపెట్టాడు. 8 లక్షల పౌన్ల లోహం చిప్స్ అయిపోయింది. కోతపడే చోట ధారగా నీళ్ళు పోస్తే వేగం 30-40 శాతం పెంచొచ్చని తేలింది. తర్వాత బెత్లెహేమ్ స్టీల్‌లో మౌన్సెల్ వైట్‌తో కలిసి హైస్పీడ్ స్టీలుని తయారుచేశాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ పనిముట్టు మొన ఎర్రగా కాలుతూ కూడా కోస్తూనే ఉంటే జనం నోళ్ళు వెళ్ళబెట్టారట.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆయన సూత్రం. వేగానికీ పనిముట్టు ఆయుష్షుకీ సంబంధం చెబుతుంది. హైస్పీడ్ స్టీలుకి ఆయన లెక్క ప్రకారం వేగం 10 శాతం పెంచితే ఆయుష్షు సగానికన్నా తగ్గుతుంది. 20 శాతం పెంచితే పావు వంతు కూడా మిగలదు! అయితే మొత్తం చూసుకోవాల్సిన అంశాలు 12. వాటన్నిటినీ కార్ల్ బార్త్ అనే గణితజ్ఞుడు ఒక స్లైడ్ రూల్‌లో ఇమిడ్చాడు. అర నిమిషంలో జవాబొస్తుంది. నన్నడిగితే అది చెక్క మీద రాసిన ప్రోగ్రామే.

కథ ఇక్కడే ఆగితే బాగుండేది. ఆ స్లైడ్ రూల్ వచ్చాక వేగం నిర్ణయించేది మిషను ముందున్న మనిషి కాదు, ప్లానింగ్ గదిలో కూర్చున్నవాడు. చిప్స్ రంగూ చప్పుడూ చూసి పనివాడు ఏళ్ళతరబడి నేర్చుకున్నది కాగితమ్ముక్క మీద ఆర్డరై అతనికే తిరిగొచ్చింది. ఆ తర్వాత స్టాప్‌వాచీ మనిషి మీదకి తిరిగింది. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధాగారంలో మౌల్డర్లు పని ఆపేసి బయటికొచ్చేశారు. అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. ప్రభుత్వ ఆయుధాగారాల్లో స్టాప్‌వాచీ వాడకుండా 1915లో నిధుల చట్టంలోనే షరతు పెట్టింది. టేలర్ పోయింది కూడా ఆ ఏడే.

లోహం విషయంలో ఆయన చెప్పింది నిజం, ఈనాటికీ ఇంజనీరింగ్ పిల్లలు ఆ సూత్రమే చదువుతారు. గంటగంటకీ టైంషీటు నింపే మా వృత్తికి కూడా ఒకరకంగా ఆయనే తాతగారు. వేగం పెంచితే పనిముట్టు ఎంత అరుగుతుందో కొలవడానికి 26 ఏళ్ళు ఓపిక పట్టాడు మహానుభావుడు. మనిషి ఎంత అరుగుతాడో కొలవడానికి అందులో సగం ఓపికైనా ఎవరన్నా పట్టారంటారా?