గోనెపట్ట, చెనిక్కాయలు, తెల్లారేదాకా భారతం

నాలుగు గంటలు నిలబడుకోని పాటలు విన్నావా? పదైదు నూర్లు పెట్టి టిక్కెట్టు కొంటే, కూచునేదానికి చాప గూడా ఇయ్యలేదా వాళ్ళు?

నవ్వొద్దురా. ఎగతాళికి అడగలేదు. బెంగుళూరులో పాడితే బెంగుళూరుకి, మదరాసులో పాడితే మదరాసుకి ఆ బ్యాండోళ్ళ వెంబడి తిరగతా వుండావంట. మీ అమ్మ వాపోయింది. 'ఈనికి ఈ పిచ్చి యాడినుంచి వొచ్చిందో' అనింది. నేను నోరు తెరవలేదు. మీ అవ్వ మాత్రం నా పక్క ఒక చూపు చూసింది. ఆ నాలుగు చితుకులు మంటలో ఎయ్యి, చెప్తాను.

నాకూ వుండె అట్లాంటి పిచ్చి, రాత్రంతా ఆడే నాటకాల పిచ్చి. మన పక్క దాన్ని వీధినాటకం అంటాం. తిరుత్తణి దాటితే తెరుకూత్తు. మనం మేళం అనేదాన్ని వాళ్ళు జమా అంటారు. పేర్లు మారతాయి గానీ కత ఒకటే, భారతం. ధర్మరాజులగుడి వుండే ఊర్లో కొడి, అదే జెండా, కట్టినారంటే పద్దెనిమిది దినాలు లెక్క. కొన్ని ఊర్లలో ఒకటో రెండో తక్కువ. పగలు హరికత, రాత్రి నాటకం. పగలు భాగవతారు ఏ ఘట్టం చెప్పినాడో, రాత్రికి ఆ ఘట్టం కిరీటం పెట్టుకోని వొచ్చి మన ముందర నిలబడుతుంది. బకాసురుని కత దినం భీముడు బండెడు అన్నంతో ఊరంతా తిరగతాడు. పిల్లోళ్ళు బండి ఎనకాల పరిగెత్తేది. ద్రౌపది కల్యాణం దినం ఆడోళ్ళు పట్టుచీరలు కట్టుకోని వస్తారు, పెండ్లికి పోయినట్టే చదివింపులు.

ఇప్పటి మాదిరి ఫోనుల్లో రాదు కదా. వార్త తెచ్చేది ఎవురంటే నూలు మోసేవోళ్ళు, సంతకు పోయినోళ్ళు. ఫలానా ఊర్లో తపసు మానుకి చెట్టు కొట్టినారంట, పలకలు కొట్టుకుంటా ఎత్తుకోని పోతావుండారంట అని ఒకడు చెప్పినాడంటే చాలు. అర్జునుడు ఏ దినం తపసు మాను ఎక్కేదీ వేళ్ళ మింద లెక్కేసేవోళ్ళం. మేము అయిదుగురు సావాసగాళ్ళం. అందరమూ మగ్గం ఇండ్ల పిల్లోళ్ళమే. ఏకాంబరకుప్పంలో రైలెక్కితే ఇట్లా పుత్తూరు, అట్లా తిరుత్తణి. నగరికీ తిరుత్తణికీ నడాన ఒక స్టేషను వుంది చూడు, వెంకటనరసింహరాజువారిపేట. దేశంలో అంత పొడుగు పేరు ఇంకో స్టేషనుకు లేదని మేము గొప్పలు పొయ్యేది. ఆ బోర్డు కూడబలుక్కోని చదివేలోపల రైలు కదిలేది. 2019లో మదరాసు సెంట్రలుకి ఎంజీఆర్ పేరు పెట్టి మన గొప్ప కాస్తా కొట్టేసినారు. రైలు లేని ఊర్లకి నడకే. కుశస్థలి ఏటి ఇసకలో పడి నడిస్తే రెండు మూడు కోసులు లెక్కలోకే రాదు.

సామాన్లు ఏముండేవి? ఒక గోనెపట్ట, పంచె కొంగులో యేంచిన చెనిక్కాయలు, కప్పుకునేదానికి దుప్పటి. అంతే.

నాటకం మొదలయ్యేది రాత్రి పది మింద. ముందు మద్దెల, తాళం, హార్మోనియం, ముఖవీణ కలిపి ఊరికే వాయిస్తారు, ఊరు చేరేదానికి. ముఖవీణ నువ్వు చూసుండవు. నాదస్వరానికి చిన్న తమ్ముడు మాదిరి వుంటుంది. జానెడు ఎక్కువ, మూరెడు తక్కువ. దాని గొంతు మాత్రం శానా హెచ్చు. మైకులు లేని దినాల్లో పక్కూరోళ్ళకి నాటకం పడిందని చెప్పింది ఆ ముఖవీణే. దాని శ్రుతికి పాడాలంటే మనిషి గొంతు నెత్తికెక్కాల్సిందే. తెల్లారేదాకా ఆ స్థాయిలో పాడి, మళ్ళా రేపు రాత్రి పాడాల. అందుకే వేషగాళ్ళ గొంతులు మాటల్లో బొంగురు, పాటలో కంచు. సంగీతం నేర్చుకున్నోళ్ళు 'అరుస్తారు' అని తీసిపారేస్తారు. రెండువేల మందికి మైకు లేకండా ఒక పాట వినిపించి చూడమను వాళ్ళని.

తెర సంగతి చెప్పాల. ఇద్దరు మనుషులు ఒక దుప్పటి పట్టుకోని నిలబడతారు. దాని ఎనకాల దుర్యోధనుడు. మనకు ముందు కనపడేది కిరీటం కొన, అద్దం బిళ్ళల తళుకు, ఆమీట గజ్జెల చప్పుడు. తెర ఇట్లా ఊగతా వుంటుంది, ఆయన ఎనకాలనుంచే పాడతాడు, తన గొప్పలన్నీ తనే చెప్పుకుంటాడు. అరగంట. తెర తీసేయమని పిల్లోళ్ళు గోల. చెక్కతో చేసిన భుజకీర్తులు, మొగానికి అరిదాళం, ఇంగిలీకం. పెట్రోమాక్సు లైటు కింద ఆ వేషం తెర తీసి బయటికి దూకినప్పుడు ముందర కూచున్న నేను ఎనిమిదేండ్లప్పుడు ఉచ్చ పోసుకున్నాను. నీకు చెప్పినానని మీ అమ్మకి చెప్పొద్దు.

ఆ దుర్యోధనుడు పగలు మగ్గం నేసేవోడు. పేరేందో నాకిప్పటికీ తెలీదు. ఊరంతా 'దుర్యోధన మామా' అనే పిలిచేది. అంగడికి పోతే 'దుర్యోధన మామకి అరవీసె బెల్లం కట్టు' అనేవోళ్ళు. అట్లనే ద్రౌపది వేషం కట్టే ఆయన. మీసాలు తీసేసుకోని వుండేవోడు పాపం, పెండ్లి చూపుల్లో రెండు సంబంధాలు అందుకే పొయినాయంట.

కట్టియకారుడు అని ఒకడుంటాడు. ఆయన హాస్యగాడు, దూత, చోపుదారు, అన్నీ ఆయనే. ఎవురన్నా రెండు రూపాయలు చదివిస్తే నాటకం నడాన ఆపి వాళ్ళ పేరు చెప్పేదీ ఆయనే. ద్రౌపది చీర లాగతా వుంటారు, జనం ఏడస్తా వుంటారు, ఆపాటికి వొచ్చి 'ఫలానా వీధి ఫలానావారు ద్రౌపదమ్మకి అయిదు రూపాయలు' అంటాడు. దుశ్శాసనుడు చీరకొంగు పట్టుకోని అట్లనే నిలబడి వుంటాడు. ఆయన 'శుభమస్తు' అన్నాక మళ్ళా లాగడం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఎవురూ నవ్వలేదు. ఆ ఘట్టానికి దుశ్శాసనుడు కర్పూరం ఎలిగించి మొక్కుకోని వొచ్చేవోడు, ఒళ్ళు తెలీకండా పడిపొయ్యేవోళ్ళు కూడా వుండ్రి.

నాకు పదేండ్లప్పుడు, 1960 ఏప్రిల్ ఒకటో తేదీ, తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి పోయింది. పళ్ళిపట్టు పక్క ఊర్లూ పోయినాయి. పటాస్కర్ అనే ఆయన తీర్పు. దానికి బదులు చెంగల్పట్టు, సేలం జిల్లాల్లో కొన్ని ఊర్లు మనకిచ్చినారు. మా మేనత్త పళ్ళిపట్టులో కాపరం. మా నాయనకి రెండు దినాలు అన్నం సయించలేదు, చెల్లెలు ఎవురి దేశానికో పోయినట్టు. ఆ ఎండాకాలం మేనత్త ఊరి పక్కన భారతం పెట్టినారు, పోతిమి. మేళం ఎప్పటి మాదిరే మన పక్కనుంచి వొచ్చింది. కృష్ణరాయబారం రాత్రి. అయిదూర్లన్నా ఇప్పించు కృష్ణా అని ధర్మరాజు పాడి ముగించినాడు. కట్టియకారుడు లేచి, 'రాజా, అయిదూర్ల పంచాయితీకి పటాస్కర్‌ని పిలవకపోతిరే, సగం సగం చేసిచ్చుండు కదా' అన్నాడు. మా నాయన నవ్విన నవ్వు నాకిప్పటికీ వినపడుతుంది. ఆమీట అన్నం తిన్నాడు.

మేళానికి ఆ గీత అడ్డమే కాలేదు. వేషగాడు విరుత్తం అరవంలో ఎత్తుకుంటాడు, దరువు తెలుగులో దించుతాడు, వచనం ఎదురుగా కూచున్న జనాన్ని బట్టి. నేను అరవం నేర్చుకునింది బడిలో అనుకుంటావుండావా? కర్ణుని దగ్గర. తెలుగు పద్యానికి చెవులు పడింది మాత్రం చిత్తూరులో. నాటకాలాడీ ఆడీ ఆ ఊరిపేరే ఇంటిపేరైపోయినాయన వుండ్లా, నాగయ్య, 'భక్త పోతన' సినిమా ఆయన. ఆయన వేషం కట్టిన ఊర్లో పద్యం బాగుంటే మళ్ళా పాడించేదాకా జనం వొదిలేది లేదు. అది వేరే పిచ్చి, ఇంకో రాత్రి చెప్తాను.

అర్జునుడు తపసు మాను ఎక్కే దినం మాత్రం ఏ పనీ నన్ను ఆపలేదు. ఇంత పొడుగు మాను, దానికి మెట్లు కొట్టి, పైన మంచె. ఆయన ఒక్కో మెట్టుకీ నిలబడి పాట పాడి ఎక్కతాడు. పైకి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. కింద పిల్లలు లేనోళ్ళు తడిగుడ్డలతో సాగిలపడుంటారు. ఆయన పైనుంచి పూలు, విబూది, నిమ్మకాయలు ఇసురుతాడు. ఒక తూరి నిమ్మకాయ నా చేతిలోనే పడింది. లాక్కునేదానికి పది చేతులు వొచ్చినాయి. మా చిన్నమ్మకి తెచ్చిచ్చినాను. రెండేండ్లకి కొడుకు పుట్టినాడు. నిమ్మకాయ మహిమో, డాక్టరు మందో నాకు తెలీదు. అర్జునుడని పేరు పెట్టినారు. ఇప్పుడు వాడికి బట్టతల.

పెద్ద తప్పు ఒకటి జరిగింది నావల్ల. పుత్తూరు పక్క ఒక ఊర్లో కర్ణమోక్షం. ఆ కర్ణుని కోసరం ఏడాది ఎదురుచూసినాను. పగలంతా మగ్గం కాడ వుండి, నడిచి పోయి, ముందు వరసలో గోనెపట్ట పరిచినాను. శల్యుడూ కర్ణుడూ వాదులాడుకునే కాడ కండ్లు మూతలు పడినాయి. లేచేసరికి తెల్లగా తెల్లారింది. కర్ణుడు చచ్చిపోయి, మొగం కడుక్కోని, టీ తాగతావుండాడు. సావాసగాళ్ళు లేపలేదు, కావాలనే. ఆ దినం నుంచి నా పేరు కర్ణమోక్షం. మీ అవ్వ నా మింద కోపమొస్తే ఇప్పటికీ అదే పిలుస్తుంది.

ఆ సిగ్గుతోనే నోటుబుక్కు పెట్టినాను. ఏ ఘట్టంలో ఏ దరువు, ఎవురు ఎట్లా పాడినారు, అన్నీ రాసుకునేది. తెల్లారినాక వేషగాళ్ళ కాడికి పోయి, వాళ్ళు గుడ్డలో చుట్టి దాచుకున్న చేతిరాత ప్రతులు చూసి దిద్దుకునేది. తెలుగు లిపిలో అరవం పాటలు, కొన్ని చోట్ల అరవ లిపిలో తెలుగు పాటలు. పదకొండేండ్లు, నాలుగు బుక్కులు. చదువుకునే ఆయన ఒకాయన వొచ్చి పుస్తకం రాస్తానని అడిగి ఎత్తుకోని పోయినాడు. తిరిగి రాలేదు, ఆయనా, బుక్కులూ. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికా ఆయన ద్రౌపదమ్మ గుడుల మింద రెండు పెద్ద పుస్తకాలు రాసినాడని, చెంజి పక్క తిరిగినాడని ఆమీట తెలిసింది. మన ఊరికి వొచ్చుంటే నా బుక్కులు ఆయనకిచ్చుందునే అనిపించింది. ఆయన పుస్తకమన్నా అచ్చయింది.

కడపటి దినం దుర్యోధన వధ. గుడి ముందర బంకమట్టితో దుర్యోధనుని పండబెడతారు, ఇల్లంత మనిషిని. మన దుర్యోధన మామ దాని మిందెక్కి అటు ఇటు దూకతా, భీముణ్ణి తిడతా పాడేవోడు. భీముడు తొడ మింద గద ఏస్తాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. అప్పుడు జనం మింద పడి ఆ మట్టి పెళ్ళలు పీకి ఇంటికి ఎత్తుకోని పోతారు, గాదెలో ఏసుకునేదానికి. సాయంత్రం అగ్నిగుండం. మామ అయ్యవారి మాదిరి గుండం కాడ నిలబడి చూసేవోడు, మొగాన ఇంగిలీకం పూర్తిగా పోకండా.

ఆమీట మైకు సెట్లు వొచ్చినాయి. ముఖవీణ ఊదేవోళ్ళు తగ్గిపోయినారు. కరెంటు మగ్గాలు వొచ్చినాయి, రాత్రి షిఫ్టుంటే వేషగాళ్ళకే సెలవు దొరికేది లేదు. కరెంటు పోతే మాత్రం ఊరంతా నాటకానికి వొచ్చేది, అదొక మేలు. నడాన రికార్డు డ్యాన్సులు పెట్టమన్నారు, సినిమా బాణీలో దరువులు పాడమన్నారు. పాడినారు పాపం, కడుపు కోసరం. నేను లేచి వొచ్చేసినాను, ఒకటి రెండు తూర్లు. అట్లా లేచి రావడం తప్పని ఇప్పుడనిపిస్తుంది. చూసేవోడు గోనెపట్ట మడిచి ఎత్తుకుంటే వాళ్ళు ఎవురికి పాడాల?

నీ ఫోనులో పోయినేడు వినిపించినావే, 'కృష్ణార్జున యుద్ధం' సినిమాలో పాట, కడప పక్క పెంచల్‌దాస్ పాడింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ మనిషిని కాదు, ఆ ఎత్తుని. మైకు లేని గొంతు అది. ఇంకోటి, 2021లో వొచ్చిన 'ఎంజాయ్ ఎంజామి'. పాడిన అరివు మన అరక్కోణం పిల్లోడంట, ఏకాంబరకుప్పంలో మనమెక్కే రైలు పొయ్యే ఊరే. శ్రీలంక తేయాకు తోటల్లో ఎట్టి చాకిరి చేసి వొచ్చిన వాళ్ళవ్వ కత అంట అది. చావింటి కాడ ఆడోళ్ళు పాడే ఒప్పారి దాంట్లో వినపడింది నాకు. లోకమంతా దానికి ఎగిరింది. కాబట్టి నీ పిచ్చిని నేను తప్పు పట్టను.

భారతం ఇంకా పెడతానే వుండారు, పుత్తూరులో, మన చుట్టుపక్కల. కొడి కట్టే దినం తెలిస్తే ఫోను చేస్తాను, లీవు పెట్టుకోని రా. టిక్కెట్టు లేదు. గోనెపట్ట నాది, చెనిక్కాయలు నువ్వు తీసుకో. కర్ణమోక్షం రాత్రి నేను కునికితే మాత్రం తట్టి లేపు.