నిధి మైదానంలో పెంకుల లెక్క

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణాన ముర్లో అనే చిన్న ఊరుంది. ఊరి పక్కన చెట్లు కమ్ముకున్న గుట్ట పేరు పోజ్జో చివితాతె. గుట్ట మీది చదును జాగాను పియానో దెల్ తెసోరో అంటారు, అంటే నిధి మైదానం. 1966లో అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాల తరఫున కైల్ మెరెడిత్ ఫిలిప్స్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఎరిక్ నీల్సన్, ఆ తర్వాత ఆంథనీ టక్ ఆ పనిని కొనసాగించారు. ఇన్ని వేసవుల్లో ఆ నిధి మైదానం నుంచి తట్టలకొద్దీ బయటపడినవి ఇంటి పైకప్పు పెంకులు. ఎట్రుస్కన్లను తెలుసుకోవాలనుకునేవారికి అంతకు మించిన నిధి అరుదు.

రోము ఇంకా చిన్న పట్టణంగా ఉన్న రోజుల్లో మధ్య ఇటలీలో వెలిగిన జాతి ఎట్రుస్కన్లు. వాళ్ల సాహిత్యం నశించింది. వేల సంఖ్యలో శాసనాలు మిగిలినా, వాటిలో ఎక్కువ భాగం సమాధుల మీద చెక్కిన పేర్లే. అందుకే చాలాకాలం వాళ్ల గురించి తెలిసిందంతా సమాధుల ద్వారానే తెలిసింది. ఆ సమాధులను తవ్విన తీరు తలచుకుంటే బాధ కలుగుతుంది. 1828లో వుల్చి అనే పాత ఎట్రుస్కన్ నగరం దగ్గర పొలం దున్నుతుంటే నేల కుంగి ఒక సమాధి బయటపడింది. అక్కడి భూములు నెపోలియన్ తమ్ముడు లూసియన్ బోనపార్టువి. కొద్ది నెలల్లోనే బొమ్మలు గీసిన గ్రీకు కలశాలు వందలుగా పైకి వచ్చి యూరప్ సంతకు చేరాయి. లూసియన్ మరణించాక ఆయన భార్య తరఫున సాగిన తవ్వకాన్ని జార్జ్ డెన్నిస్ అనే ఆంగ్ల రచయిత కళ్లారా చూశాడు. ధర పలకని ముతక కుండలను, నల్లమట్టి వస్తువులను కూలీలు అక్కడికక్కడే కాళ్లకింద వేసి తొక్కేశారని 1848లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. వాటిని పగలగొట్టమని పైనుంచి ఆజ్ఞ. ఒకటి రెండు తనకిమ్మని ఆయన అడిగినా ఇవ్వలేదు. పాత్రలు పోవడం ఒక నష్టం. ఏ పాత్ర ఏ అస్థికల పక్కన, దేని పక్కన ఉందో ఎవరూ రాసుకోకపోవడం అంతకంటే పెద్ద నష్టం, అది ఇక పూడేది కాదు. భూమిలో దొరికే పురావస్తువులు ప్రభుత్వానికే చెందుతాయని ఇటలీ 1909లో చట్టం చేసింది. అయినా దొంగతవ్వకాలు ఆగలేదు.

శాస్త్రీయంగా సాగే తవ్వకంలో ఒక రోజు గడిచే తీరు దీనికి పూర్తిగా భిన్నం. ట్రెంచ్ (తవ్వకపు గుంట) పని పొద్దున్నే మొదలవుతుంది. రాత్రి కప్పిన పట్టా తీసి, చేరిన నీరు ఒంపేసి, ముందుగా నేలను చూస్తారు. టస్కనీ వేసవి ఎండకు మట్టి ఆరిపోతే రంగుల తేడా కంటికి ఆనదు. ఉదయపు తేమలో మాత్రం బూడిద మరక, గుంజ పాతిన గుంట, గోడ కూలిన జాడ వేటికవి విడిగా తేలతాయి. ఫొటోలు తీయడానికీ అదే మంచి వేళ. మూలల్లో దిగ్గొట్టిన మేకులకు పురికొస బిగించి ట్రెంచ్ హద్దులు గీస్తారు. పక్కపక్క ట్రెంచ్‌ల మధ్య తవ్వకుండా గట్టు వదిలితే దాని నిలువు ముఖం మీద పొరలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఈ గట్ల పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చిన మోర్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చి, అదే ఏడు తక్షశిలలో మన దేశపు యువ పరిశోధకులకు దాన్ని నేర్పాడు.

పై మట్టిని గునపంతో, పారతో తీయవచ్చు. పెంకులు కనబడగానే చేతిలోకి చిన్న తాపీ వస్తుంది. తాపీమేస్త్రీ చేతిలోని దానికంటే ఇది చిన్నది, మొనదేలింది. దాని అంచుతో మట్టిని తనవైపు గీకుతూ, శుభ్రం చేసిన చోట అడుగుపడకుండా వెనక్కి జరుగుతూ పోతారు. పై పొర కొత్తది, కింది పొర పాతది అన్నది మొదటి సూత్రం. అయితే ఎవరో ఒక కాలంలో గొయ్యి తవ్వి పూడిస్తే, లోతున ఉన్న వస్తువు పక్కనున్న మట్టికంటే కొత్తదవుతుంది. ఆ గొయ్యి అంచును గుర్తుపట్టకపోతే కాలాలు కలగాపులగమవుతాయి. పనివాడి నేర్పంతా ఇక్కడే తెలుస్తుంది. మట్టి మారిన ప్రతిచోటా కొత్త సంఖ్య వేసి, చిటికెడు మట్టిని తడిపి మన్సెల్ రంగుల పట్టికతో పోల్చి రంగు రాసుకుంటారు. తీసిన మట్టి జల్లెడలోకి వెళుతుంది. తాపీకి చిక్కని పూస, గింజ, పంటి ముక్క అక్కడ దొరుకుతాయి.

పోజ్జో చివితాతెలో పెంకులకు ఇంత విలువ ఎందుకంటే, ఇటలీలో తొలినాటి పెంకుటిళ్లలో కొన్ని అక్కడివే. క్రీ.పూ. 7వ శతాబ్దిలో అక్కడ ఒక నివాస భవనం, దాని దగ్గరే 50 మీటర్లకు పైగా పొడవున్న పనిశాల ఉండేవి. స్తంభాల మీద పైకప్పుతో, పక్కలు తెరిచి ఉన్న ఆ శాలలో కంచు పోతపోసేవారు, ఎముకను, కొమ్మును, దంతాన్ని చెక్కేవారు, పెంకులు చేసేవారు. ఆ శతాబ్ది చివరికి భవనాలన్నీ అగ్నికి ఆహుతయ్యాయి. నిప్పంటుకున్నప్పుడు శాలలో పచ్చి పెంకులు ఆరబెట్టి ఉన్నాయి. పారిపోయేవాళ్లు వాటిని తొక్కుకుంటూ పోయారు. ఏ మంట వాళ్లను తరిమిందో ఆ మంటే పెంకులను కాల్చి పాదముద్రలను పదిలం చేసింది. పేరు తెలియని పనివాళ్ల చరిత్ర ఇంత దగ్గరగా దొరకడం ఎట్రుస్కన్ నేలలో చాలా అరుదు. పెంకులను ఏరి పారేసి ఉంటే ఆ పాదాలు ఏనాటికీ కనబడేవి కావు.

బూడిద మీద మరో భవనం లేచింది. నడుమ ముంగిలి, నాలుగు వైపులా సుమారు 60 మీటర్ల చొప్పున కట్టుబడి. గుర్రప్పందెం, విందు, ఊరేగింపు, కొలువు దృశ్యాల మట్టిపలకలు దానికి అలంకారం. కప్పు మీద వెడల్పు అంచు టోపీ, పొడుగు గడ్డంతో కూర్చున్న మట్టి విగ్రహాలుండేవి. క్రీ.పూ. 6వ శతాబ్ది నడిమికాలం దాటాక దాన్ని కావాలనే కూలగొట్టి, విగ్రహాలను ముక్కలుచేసి పూడ్చారు. ఆ తర్వాత ఆ జాగాలో మళ్లీ ఊరు వెలవలేదు. నేటి తవ్వకాలకు అది పెద్ద మేలైంది.

ప్రత్యేకమైన వస్తువు తగిలితే దాన్ని పెరికి తీయరు. చుట్టూ మట్టి తొలగించి, హద్దుల నుంచి దూరం, స్థిరబిందువు నుంచి లోతు కొలిచి, ఫొటో తీశాకే కదిలిస్తారు. మామూలు కుండపెంకులు ఏ పొరవి ఆ పొర బొక్కెనలోకి, దాని చీటీతో సహా చేరతాయి. చీటీ ఊడిపోతే ఆ బొక్కెనలోని పెంకులకు నోరు పోయినట్టే.

ఎండ ముదిరాక పని నీడపట్టుకు మారుతుంది. పెంకులను మెత్తని బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, లెక్కించి, తూచి, రకాలుగా విడదీస్తారు. ఆ రకాల్లో ఒకటి బుక్కెరో, వుల్చిలో కాళ్లకింద నలిగిన నల్లమట్టి పాత్రల తోబుట్టువు. ఆవంలోకి గాలి చొరబడకుండా మూసి కాలిస్తే మట్టిలోని ఇనుము మారి పాత్ర లోపలిదాకా నల్లబడుతుంది. అంచు వంపు, గోడ మందం చూసి దాని కాలం చెప్పగల అనుభవజ్ఞులున్నారు. కదురు బిళ్లలు దారం వడికినవాళ్ల జాడ చెబుతాయి.

సాయంత్రం ట్రెంచ్ పుస్తకం రాస్తారు. ఏ పొర ఎందుకు ముగిసిందనుకున్నారు, ఎక్కడ అనుమానం మిగిలింది, ఏ చెట్టువేరు అడ్డొచ్చింది, అన్నీ అందులోకి ఎక్కాలి. తవ్విన నేలను మళ్లీ తవ్వలేరు కాబట్టి ఆ పొరలకు ఇక మిగిలేది ఆ పుస్తకమే. ముర్లో తవ్వకాల పుస్తకాలు ఇప్పుడు ఓపెన్ కాంటెక్స్ట్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరైనా చదువుకోవచ్చు. వస్తువులను ఒకప్పటి బిషప్ భవనంలో ఉన్న ఊరి మ్యూజియంలో చూడవచ్చు.

వేసవి ముగియగానే ట్రెంచ్ అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, తీసిన మట్టినే తిరిగి పోసి పూడుస్తారు. మళ్లీ ఎప్పుడైనా ఎవరైనా అక్కడ తవ్వితే, ముందటివాళ్లు ఎక్కడ ఆపారో ఆ పట్టా చెబుతుంది.