మంచు మీద ఆడపిల్లల హాకీ: మనమూ తెలుసుకోవలసిన ఒక చరిత్ర



పోయినసారి మన పాళయాల కథ వ్రాశాను. చాలామంది పెద్దలు ఫోన్ చేసి మాట్లాడారు, సంతోషం. ఈసారి కొంచెం దూరం పోతున్నాను, కెనడా దాకా. కోవిల్‌పట్టి వాడికి కెనడా మంచుతో ఏమి పని అని అడగవద్దు. చివరిదాకా చదివితే తెలుస్తుంది. ఎప్పటి మాటే ఇప్పుడూ: నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడే తెలుగును అక్షరాల్లో పెట్టడం నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి, కోపం లేదు.

మా కోవిల్‌పట్టి గురించి బయటివాళ్ళకు తెలిసింది రెండే: కడలై మిట్టాయి, అగ్గిపెట్టె. మూడోది హాకీ. లక్ష్మీ అమ్మాళ్ టోర్నమెంటుకు దేశం నలుమూలల నుంచి జట్లు వస్తాయి. నా చిన్నతనంలో స్టిక్కు కొనే స్తోమతు మాకెవరికీ లేదు. కరువేలం కొమ్మ వంకరగా ఉన్నది చూసి నరుక్కొని, గుడ్డలు చుట్టిన బంతితో ఆడేవాళ్ళం. మా చెల్లెలు నాకన్నా మూడేళ్ళు చిన్నది. ఆ కొమ్మతో అది కొట్టే దెబ్బ నాకు రాలేదు, మా వీధిలో ఏ మగపిల్లవాడికీ రాలేదు. అయితే మా బడిలో ఆడపిల్లలకు హాకీ లేదు, త్రోబాల్, కోకో మాత్రమే. పన్నెండో ఏట దాన్ని తీప్పెట్టి ఆఫీసుకు పంపారు. పుల్లలు చట్రంలో పేర్చే పని. నేను రైల్వేలో చేరాను. హాకీ కథ మా ఇంట్లో అక్కడితో అయిపోయింది అనుకున్నాను.

యాభై ఏళ్ళ తరువాత మళ్ళీ మొదలయింది. మా కూతురు, అల్లుడు టొరంటో పక్కన ఉంటున్నారు. వాళ్ళ పాప ఐస్ హాకీ ఆడుతుంది. దానికి తొమ్మిదేళ్ళు. ఇంకా సరిగా స్కేటింగ్ కూడా రాదు. అయినా దానికొక జట్టు ఉంది, జెర్సీ ఉంది, వారానికొక మ్యాచి ఉంది. రానివాళ్ళకు కూడా జట్టా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంతోనే ఈ చరిత్ర వెదికాను.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు. గడ్డి బదులు మంచు. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. బంతి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళ. ఒక్కో వైపు గోలీతో కలిపి ఆరుగురు. కాళ్ళకు స్కేట్లు. నిలబడటమే ఒక విద్య.

లోపలి రింకులో, పద్ధతి ప్రకారం జరిగిన మొదటి ఐస్ హాకీ మ్యాచి 1875 మార్చి 3న మాంట్రియల్‌లో జరిగిందని చెబుతారు. ఆడవాళ్ళు ఎంతో వెనకబడలేదు. 1888లో కెనడాకు గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ స్టాన్లీ కూతురు ఇసొబెల్, ఒటావాలో తమ బంగళా ఆవరణలోని మంచు మీద తోటి ఆడవాళ్ళతో హాకీ ఆడేది. సుమారు 1890 నాటి ఫోటో ఒకటి ఉంది. పొడవాటి తెల్ల గౌను, చేతిలో స్టిక్కు. నాన్నగారు ఇచ్చిన స్టాన్లీ కప్పు లోకమంతా తెలుసు, కూతురు ఆడిన ఆట కొద్దిమందికే తెలుసు.

1930ల్లో ఒంటారియోలో ప్రెస్టన్ అనే చిన్న వూళ్ళో కొందరు అమ్మాయిలు ఎండాకాలంలో సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్ళు. చలికాలం వస్తే ఏం చేయాలో తోచక హాకీ జట్టు కట్టారు. పేరు ప్రెస్టన్ రివులెట్స్. 1931 నుంచి 1940 దాకా ఆ జట్టు ఓడిన మ్యాచిలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పెట్రోలుకు రేషను, ప్రయాణాలకు కట్టుబాటు. జట్టు చెదిరిపోయింది. యుద్ధం ముగిశాక మగవాళ్ళ హాకీ తిరిగి లేచింది, ఆడవాళ్ళది లేవలేదు. ఆడది ఇంటిపట్టున ఉండాలి అనే గాలి అక్కడ కూడా వీచింది. మనకు మాత్రమే ఉన్న జబ్బు కాదు అది.

ఇప్పుడు నా మనసును తాకిన కథకు వస్తున్నాను. టొరంటోలో ఏబిగెయిల్ హాఫ్‌మన్ అనే పాప. అన్నలతో కలిసి ఆడి ఆట నేర్చుకుంది. ఆడపిల్లలకు జట్టు లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, ఏబ్ హాఫ్‌మన్ అని పేరిచ్చి, 1955-56 సీజనులో మగపిల్లల లీగులో చేరింది. డిఫెన్సులో ఆడింది. ఎంత బాగా ఆడిందంటే మంచి ఆటగాళ్ళను ఏరి కట్టే ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయింది. అప్పుడు పుట్టిన సర్టిఫికెట్ తీసి చూశారు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళ ఆడపిల్ల అని తెలిసింది. 1956లో పత్రికలన్నిటా ఈ వార్తే.

ఆ పాప తరువాత పరుగుపందెంలోకి పోయింది. 800 మీటర్లలో పేరు తెచ్చుకుంది. 1964 నుంచి 1976 వరకు వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో పాల్గొంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కెనడా జెండా పట్టుకొని ముందు నడిచింది ఆమే. 1982లో ఆడవాళ్ళ హాకీకి తొలి జాతీయ పోటీలు పెట్టినప్పుడు కప్పుకు ఆమె పేరే పెట్టారు. ఆడపిల్ల అని ఆపిన ఆట, ఆమె పేరుతోనే కప్పు ఇచ్చింది. మంచి ముగింపే. అయితే ఒకటి ఆలోచించండి. ఏబీకి దారి దొరికింది ఆమె చాలా బాగా ఆడింది కాబట్టి. మామూలుగా ఆడే పిల్ల అయితే? ఆమెను గురించి ఏ పత్రికా వ్రాసి ఉండేది కాదు.

ఆ మామూలు పిల్లల కోసం పని చేసినవాళ్ళు వేరే ఉన్నారు. టొరంటో పక్కన బ్రాంప్టన్ ఉంది కదా, ఇప్పుడు మన దేశంవాళ్ళు నిండిపోయిన వూరు. అక్కడ 1960ల్లో కెనడెట్స్ అనే ఆడపిల్లల హాకీ సంఘం మొదలయింది. 1967లో ఆడవాళ్ళకు ఒక టోర్నమెంటు పెట్టారు. తొమ్మిదేళ్ళ పాప నుంచి యాభై ఏళ్ళ ఆమె దాకా వచ్చి ఆడారట. అందులో ఆడిన ఫ్రాన్ రైడర్ తరువాత పెద్ద నాయకురాలయ్యారు. 1975లో ఒంటారియో మహిళా హాకీ సంఘం పుట్టింది. మన సంఘాల మాదిరే చందాలు, రసీదు పుస్తకాలు, అర్ధరాత్రి దాకా మీటింగులు. ఇంత పెద్ద చరిత్ర వెనుక సంఘం పని ఉంది అని చదివినప్పుడు నాకు కొంచెం గర్వం కలిగింది, మనమూ సంఘం మనుషులమే కదా.

1985లో ఒక పెద్ద తగాదా వచ్చింది. జస్టిన్ బ్లేనీ అనే పన్నెండేళ్ళ అమ్మాయి టొరంటోలో మగపిల్లల జట్టుకు ఎంపికయింది. ఆడనివ్వం అన్నారు. ఒంటారియో మానవహక్కుల చట్టమే ఆటల్లో ఆడ, మగ తేడా చూపవచ్చు అని ఒక మినహాయింపు పెట్టి ఉంది. ఆమె కోర్టుకు పోయింది. కింది కోర్టులో ఓడింది. 1986లో అప్పీలు కోర్టు ఆ మినహాయింపు రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టివేసింది. అవతలివాళ్ళు సుప్రీం కోర్టుకు పోతే, వినడానికి కూడా ఒప్పుకోలేదు. అన్నీ ముగిసి ఆమె మంచు మీద దిగేసరికి 1988 వచ్చింది.

ఇందులో వింత ఏమిటంటే, ఆమెను ఎదిరించినవాళ్ళలో ఆ మహిళా హాకీ సంఘం కూడా ఉంది. ఎందుకు? బాగా ఆడే అమ్మాయిలందరూ మగపిల్లల జట్లకు పోతే, కష్టపడి కట్టిన ఆడపిల్లల లీగులు చితికిపోతాయి అని భయం. మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే రెండు పక్షాలలోనూ న్యాయం కనబడింది. తలుపు వేసి ఉంటే తట్టి తెరిపించేవాళ్ళు కావాలి, అది జస్టిన్ పని. ఆ తలుపులో పట్టనివాళ్ళందరికీ వేరే ఇల్లు కట్టేవాళ్ళు కూడా కావాలి, అది సంఘం పని. చివరికి ఆ భయం నిజం కాలేదు. రెండూ పెరిగాయి.

1990లో ఒటావాలో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. కెనడా అమ్మాయిలకు గులాబీ రంగు జెర్సీలు ఇచ్చారు. వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు, కానీ ఫైనల్‌కు సుమారు 9 వేల మంది వచ్చారు. కెనడా 5-2తో అమెరికాను గెలిచింది. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడి, కాలేజీ ఆడ, మగ తేడా చూపకూడదని, ఆటలకు కూడా అది వర్తించింది. 1994లో మిన్నెసోటా ఆడపిల్లల హాకీని హైస్కూలు ఆటగా గుర్తించిన మొదటి రాష్ట్రమయింది. 1998లో జపానులోని నగానోలో ఆడవాళ్ళ ఐస్ హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడ అమెరికా 3-1తో కెనడాను ఓడించింది. కెనడాలో 1990 ప్రాంతంలో పేరు నమోదు చేసుకున్న ఆడవాళ్ళు సుమారు 8 వేలు. ఇప్పుడు లక్ష దాటారు.

లక్ష మంది ఒలింపిక్స్‌కు పోరు కదా. వాళ్ళు ఎక్కడ ఆడతారు? మా మనవరాలి సంగతి ఇక్కడే వస్తుంది. పిల్లల జట్లు వయసు ప్రకారం, తొమ్మిదిలోపు, పదకొండులోపు, పదమూడులోపు అని ఉంటాయి. ప్రతి వయసులోనూ రెండు దారులు. బాగా ఆడేవాళ్ళు సెలెక్షన్‌కు పోయి ఊరి తరపున జట్లలో చేరతారు. వాటిలో డబుల్ ఏ, ఏ, బీ అని మెట్లు. మిగిలినవాళ్ళకు హౌస్ లీగ్. అందులో ఎవరినీ వద్దనరు. కోచులు పిల్లల ఆట చూసి, అన్ని జట్ల బలం సమానంగా ఉండేటట్టు పంచుతారు. వచ్చినదానికీ రానిదానికీ మంచు మీద సమాన సమయం ఇవ్వాలని చూస్తారు. ఇంకా చిన్నవాళ్ళకు, నిలబడటం కూడా రానివాళ్ళకు వేరే క్లాసు. పడటం ఎట్లా, లేవటం ఎట్లా అనేదే మొదటి పాఠం.

ఇదంతా ఉచితంగా రాలేదు. ఐస్ హాకీలో అసలు ఆస్తి రింకులో దొరికే గంటలు. అవి చాలాకాలం మగపిల్లల సంఘాల చేతుల్లోనే ఉండేవి. ఆడపిల్లలకు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక మిగిలినవి. టొరంటోలో 2009లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. నగర ప్రజల రింకులో ఆడపిల్లలకు వాటా ఏది అని తల్లిదండ్రులు నిలదీశారు. పంచడంలో నియమం పాటించమని నగరపాలిక చెప్పవలసివచ్చింది. రిజర్వేషను చార్టు చూసినవాడిని నేను. బెర్తులు ఎన్ని ఉన్నాయి అనేదానికన్నా కోటా ఎవరి చేతిలో ఉంది అనేదే అసలు సంగతి అని నాకు బాగా తెలుసు.

మన దేశంలో కూడా ఈ కథ ఉంది, లడాఖ్‌లో. చలికాలంలో గడ్డకట్టే చెరువుల మీద రెండు నెలలు మాత్రమే ఆట. అమ్మాయిలు మగపిల్లల సామాను అరువు తెచ్చుకొని ఆడారు. చందాలు పోగుచేసుకొని 2016లో మన మహిళల జట్టు మొదటిసారి తైపేలో ఆసియా పోటీలకు పోయింది. అన్నీ ఓటములే. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో మొదటి గెలుపు. 2018లో కెనడా గొప్ప క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ లేహ్ వచ్చి పిల్లలకు నేర్పించారు. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనవాళ్ళు కంచు పతకం తెచ్చారు. తొమ్మిదేళ్ళలో ఎంత దూరం!

గడ్డి హాకీలో అయితే మన తెలుగు బిడ్డే ఉంది. పాత చిత్తూరు జిల్లా ఎతిమరపు రజని, గోల్‌కీపర్, భారత జట్టుకు ఆడింది. మా రైల్వే తరపున ఆడిన పిల్ల అని నాకు ఇంకొంచెం గర్వం.

పోయిన చలికాలం మా కూతురు మ్యాచి నుంచి వీడియో కాల్ చేసింది. ఆ రోజు మా చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. పుల్లలు పేర్చి పేర్చి దాని వేళ్ళు వంగిపోయినాయి. ఫోను రెండు చేతులతో పట్టుకొని చూసింది. మనవరాలు పడింది, లేచింది, మళ్ళీ పడింది. చూసేవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. మా చెల్లెలు నన్ను అడిగింది:

“అన్నా, పడితే ఎవురూ తిట్టరా?”

లేదమ్మా, తిట్టరు, అన్నాను. అది ఇంకేమీ మాట్లాడలేదు. మ్యాచి అయ్యేదాకా ఫోను కిందపెట్టలేదు. దాని జట్టు ఓడింది. అది కూడా మా చెల్లెలికి పట్టలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా చెల్లెలు చాలా బాగా ఆడేది, దానికి జట్టు లేదు. ఆటే రాని మనవరాలికి జట్టు ఉంది. మధ్యలో ఉన్న తేడా మంచు కాదు, డబ్బు మాత్రమే కూడా కాదు. రాని పిల్లకు కూడా చోటు ఉండాలి అని కొందరు కూర్చొని, నియమం వ్రాసి, గంటలు అడిగి తీసుకున్నారు. బాగా ఆడేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? రానివాళ్ళలోనుంచే వస్తారు.

మన సంఘం వార్షికోత్సవంలో మగపిల్లలకు క్రికెట్ టోర్నమెంటు పెడుతున్నాం, ఆడపిల్లలకు ముగ్గుల పోటీ, నిమ్మకాయ చెంచా పోటీ. పదేళ్ళు కమిటీలో ఉన్నవాడిని, ఈ తప్పులో నాకూ భాగముంది. కాబట్టి ఒక మనవి. కోవిల్‌పట్టిలో మైదానం ఉంది, నేర్పేవాళ్ళు ఉన్నారు. మంచు అవసరం లేదు. వచ్చే నెల నుంచి ఆదివారం పొద్దున ఆరు గంటలకు మన ఆడపిల్లలకు హాకీ మొదలుపెడదాం. సెలెక్షన్ లేదు. వచ్చిన పిల్లలందరూ జట్టులో ఉంటారు. నా పెన్షనులోనుంచి పదకొండు స్టిక్కులు కొని ఇస్తాను. మీ ఇంటి పిల్ల పేరు, వయసు నాకు తెలపండి.

మొదటి రోజు బంతి కొట్టి ప్రారంభించడానికి ఎవరిని పిలవాలి అని కమిటీవాళ్ళు అడిగారు. ఎమ్మెల్యే వద్దు, డీఎస్పీ వద్దు అన్నాను. మా చెల్లెలు వస్తుంది. అడిగాను, ఒప్పుకుంది. చేతికి స్టిక్కు పట్టు దొరకదేమో అని మాత్రం దానికి భయంగా ఉంది.