ఎముక తెలుపు, కిలోవోల్టు కొలత: పామూరు ప్రాంత ఫ్లోరోసిస్ చరిత్రలో ఒక పార్శ్వం

పామూరు 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా నీటిలోని ఫ్లోరైడు ఎముకలను పట్టి పీడిస్తున్నదని 1937లో షార్ట్ ప్రభృతులు వెల్లడించారు. ఆ పరిశోధక బృందంలో ఎక్స్‌రే నిపుణుడు టి. డబ్ల్యు. బర్నార్డ్ ఉండటం గమనార్హం. మద్రాసు రేడియాలజీ సంస్థకు ఆయన పేరే నిలిచింది. వ్యాధిగ్రస్తుల ఎముకలు ఫిల్ముపై సాంద్రంగా, తెల్లగా కనిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గొట్టానికి అందే వోల్టేజి తగ్గితే ఆరోగ్యవంతుని ఎముక సైతం కండరాల నడుమ మరింత తెల్లగా తోస్తుంది.

యంత్రపు మీట చూపే అంకెకూ గొట్టానికి నిజంగా అందే వోల్టేజికీ పొత్తు కుదరకపోవచ్చు. తొలినాళ్లలో రెండు లోహగోళాల నడుమ నిప్పురవ్వ దూకే దూరాన్ని బట్టి వోల్టేజిని అంచనా కట్టేవారు. కిరణాల గరిష్ఠ పౌనఃపున్యం వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుందని 1915లో డ్యూన్, హంట్ నిరూపించారు. 1968లో ఆర్డ్రన్, క్రూక్స్ రాగి పలకతో కూడిన ఫిల్ము పెట్టెను ప్రతిపాదించారు. తరువాతి మీటర్లు వేర్వేరు మందాల ఫిల్టర్ల వెనుక రెండు శోధకాలనుంచి, వాటికందిన కిరణాల నిష్పత్తిని బట్టి కిలోవోల్టులు తేలుస్తాయి. అధిక వోల్టేజి తీగలను ముట్టనక్కరలేదు.

కనుక వేర్వేరు దశాబ్దాల ఫిల్ములలోని తెలుపును నేరుగా పోల్చడం సమంజసం కాదు. ముంజేతి ఎముకల నడిమి పొర సున్నపుబారడం అంతకంటె నమ్మదగిన సాక్ష్యం.