టెక్సస్ హిల్ కంట్రీలో ఆర్.వి. విడిది

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సస్ రాష్ట్రపు మధ్యభాగంలో ఉన్న కొండల ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. ఈ ప్రాంతంలో నదుల ఒడ్డున, జలాశయాల తీరాన ఆర్.వి. అనే నివాస వాహనాలను నిలుపుకొని కొన్ని రోజులు గడపడం ప్రజాదరణ పొందిన విహార పద్ధతి. శీతాకాలం మృదువుగా ఉండడం, స్వచ్ఛమైన నదులు, వరుస జలాశయాలు ఇందుకు ముఖ్య కారణాలు. అయితే ఈ నదులు అతి తక్కువ సమయంలో పొంగే స్వభావం కలవి. అందుచేత ఇక్కడ విడిది స్థలం ఎంపిక సౌకర్యానికి మాత్రమే కాక ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

ఆర్.వి. అనగా

రిక్రియేషనల్ వెహికిల్ అనే ఆంగ్ల పదానికి సంక్షిప్త రూపం ఆర్.వి. పడక, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి కలిగిన వాహనాన్ని ఈ పేరుతో పిలుస్తారు. వీటిలో రెండు ముఖ్యమైన తెగలు ఉన్నాయి.

* మోటారు ఇళ్ళు: ఇవి సొంత ఇంజనుతో నడుస్తాయి. బస్సు పరిమాణంలో ఉండేవి 'ఎ' తరగతి, వ్యాను పరిమాణంలో ఉండేవి 'బి' తరగతి, డ్రైవరు గది పైన పడక ఉండేవి 'సి' తరగతి.
* ట్రైలర్లు: వీటిని మరొక వాహనం లాగవలసి ఉంటుంది. పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో అమర్చిన కొక్కేనికి తగిలించే పెద్ద ట్రైలరును ఫిఫ్త్ వీల్ అంటారు.

నదులు, జలాశయాలు

గ్వాడలూప్, ఫ్రియో, లానో, పెడర్నాలిస్ ఈ ప్రాంతపు ముఖ్య నదులు. వీటి ఒడ్డున సైప్రస్ వృక్షాలు దట్టంగా పెరుగుతాయి. టెక్సస్ కొలరాడో నది కూడా ఈ ప్రాంతం గుండానే ప్రవహిస్తుంది. గ్రాండ్ కాన్యన్ గుండా పారే కొలరాడో నది వేరు, ఇది వేరు. దీనిపై కట్టిన ఆనకట్టల వలన బుకానన్, ఇంక్స్, ఎల్.బి.జె., మార్బుల్ ఫాల్స్, ట్రావిస్, ఆస్టిన్ అనే ఆరు జలాశయాలు ఏర్పడినాయి. వీటిని కలిపి హైలాండ్ సరస్సులు అంటారు. గ్వాడలూప్ నదిపై అమెరికా సైనిక ఇంజనీర్ల దళం నిర్మించిన కాన్యన్ సరస్సులో 1964లో నీరు నింపడం మొదలైనది.

ప్రధాన విడిది స్థలాలు

* ఇంక్స్ లేక్ రాష్ట్ర ఉద్యానవనం: ఇంక్స్ సరస్సు నీటిమట్టం సాధారణంగా పెద్దగా మారదు. కనుక కరవు కాలంలోనూ ఇక్కడ ఈత, పడవ విహారం సాధ్యమవుతాయి. తీరాన గులాబీ రంగు నైస్ శిలలు కనిపిస్తాయి.
* గార్నర్ రాష్ట్ర ఉద్యానవనం: ఫ్రియో నది ఒడ్డున ఉన్నది. 1941లో ప్రారంభమైనది. వేసవి రాత్రులలో ఇక్కడి మండపంలో పాటల పెట్టె పెట్టి నృత్యం చేయడం చిరకాల సంప్రదాయం.
* గ్వాడలూప్ రివర్ రాష్ట్ర ఉద్యానవనం: సుమారు 4 మైళ్ళ నదీతీరం కలిగి ఉన్నది.
* కాన్యన్ సరస్సు: పాటర్స్ క్రీక్, క్రేన్స్ మిల్ మొదలైన క్యాంప్‌గ్రౌండ్లను సైనిక ఇంజనీర్ల దళం నిర్వహిస్తున్నది.

ఇవి కాక నదుల వెంట ప్రైవేటు ఆర్.వి. పార్కులు కూడా అనేకం ఉన్నాయి.

సౌకర్యాలు, నియమాలు

విడిది స్థలంలో వాహనానికి తగిలించుకొనే నీటి గొట్టం, విద్యుత్తు తీగ, మురుగు గొట్టం అనే మూడింటినీ హుకప్ అంటారు. మూడూ ఉన్న స్థలానికి అద్దె ఎక్కువ. రాష్ట్ర ఉద్యానవనాలలో నీరు, విద్యుత్తు ఉన్న స్థలాలు ఎక్కువగా లభిస్తాయి గాని మురుగు గొట్టం ప్రతిచోటా ఉండదు. అటువంటి చోట వాడిన నీటిని, మరుగుదొడ్డి వ్యర్థాలను వాహనం అడుగున ఉండే రెండు వేర్వేరు తొట్లలో నిలువచేసి, వెళ్ళేటప్పుడు నిర్ణీత స్థలంలో ఖాళీ చేయాలి. వాటిని నేలపై గాని నీటిలో గాని వదలరాదు.

విద్యుత్తు 30 ఆంపియర్లు, 50 ఆంపియర్లు అనే రెండు స్థాయిలలో దొరుకుతుంది. 120 వోల్టుల వద్ద 30 ఆంపియర్ల తీగ గరిష్ఠంగా 3,600 వాట్లు ఇస్తుంది. 50 ఆంపియర్ల తీగలో అటువంటి రెండు పాయలు ఉండుటచే 12,000 వాట్ల వరకు లభిస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఎక్కువ కనుక, రెండు ఏసీలు గల పెద్ద వాహనాలకు రెండవ రకం అవసరమవుతుంది.

రాష్ట్ర ఉద్యానవనాలలో విడిది స్థలాలను 5 నెలల ముందు నుండి కేటాయిస్తారు. సెలవు దినాలలో నీటి ప్రక్క స్థలాలు ముందుగా నిండిపోతాయి. 62 సంవత్సరాలు నిండిన అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు ఫెడరల్ సీనియర్ పాస్ తీసుకుంటే సైనిక ఇంజనీర్ల దళపు క్యాంప్‌గ్రౌండ్లలో సగం అద్దె చెల్లిస్తే చాలు.

ఆకస్మిక వరదలు

హిల్ కంట్రీని 'ఆకస్మిక వరదల వీథి' అని పిలుస్తారు. మెక్సికో సింధుశాఖ నుండి వచ్చే తేమగాలులు ఇక్కడి బాల్కోనిస్ అనే ఎత్తైన కొండ అంచును తాకి కుండపోతగా వర్షిస్తాయి. సున్నపురాతిపై మట్టి పొర పలుచగా ఉండడం వలన నీరు ఇంకక, నిట్టనిలువు వాలుల వెంట నేరుగా నదిలోకి చేరుతుంది.

* 1987 జూలై 17: కంఫర్ట్ పట్టణం వద్ద గ్వాడలూప్ వరదలో ఒక శిబిరం నుండి బయలుదేరిన బస్సు చిక్కుకొని 10 మంది యువతీయువకులు మరణించారు.
* 2002 జూలై: కాన్యన్ సరస్సు నిండి మొదటిసారిగా అలుగు పారింది. ఆ ప్రవాహం కోతకు దిగువన ఒక లోయ ఏర్పడినది.
* 2018 అక్టోబరు: జంక్షన్ పట్టణంలో సౌత్ లానో నది ఒక ఆర్.వి. పార్కును ముంచెత్తగా నలుగురు మరణించారు. అదే నెలలో ట్రావిస్ సరస్సు నీటిమట్టం పూర్తి మట్టమైన 681 అడుగులను దాటి సుమారు 704 అడుగులకు చేరినది.
* 2025 జూలై 4: స్వాతంత్ర్య దినోత్సవ సెలవులకు వచ్చినవారితో గ్వాడలూప్ తీరం నిండి ఉండగా, తెల్లవారుజామున నది సుమారు 45 నిమిషాలలో 26 అడుగులు పెరిగింది. జాతీయ వాతావరణ సేవ రాత్రి 1.14 గంటలకు హెచ్చరిక జారీ చేసింది. కాని అది అందరూ నిద్రించే వేళ. కెర్ కౌంటీలో సైరన్ల ఏర్పాటు లేదు. ఇన్‌గ్రామ్ పరిసరాలలోని ఆర్.వి. పార్కులలో వాహనాలు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఒక బాలికల వేసవి శిబిరంలో 27 మంది శిబిర బాలికలు, కౌన్సిలర్లు మరణించారు. ఆ వారపు వరదలలో రాష్ట్రం మొత్తం మీద 130 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తరువాత 2025 సెప్టెంబరులో శిబిరాల భద్రత, హెచ్చరిక సైరన్ల గురించి రాష్ట్రం కొత్త చట్టాలు చేసింది.

నదీతీరానికి, సరస్సు తీరానికి ఈ విషయంలో భేదం ఉన్నది. వరద నియంత్రణ జలాశయంలో నీరు సాధారణంగా గంటలు లేక రోజుల వ్యవధిలో పెరుగుతుంది కనుక క్యాంప్‌గ్రౌండును ఖాళీ చేయించడానికి వీలుంటుంది. కాన్యన్ సరస్సుకు ఎగువన ఉన్న నదీభాగంలో అటువంటి పెద్ద ఆనకట్ట లేదు. 2025 వరదను పట్టి నిలిపినది ఆ సరస్సే. దాని మట్టం 10 అడుగులకు పైగా పెరిగింది.

నివాస వాహనాలు ఎత్తుగా, తేలికైన గోడలతో ఉండుటచే నీటిలో సులభంగా తేలుతాయి. ప్రవహించే నీరు 2 అడుగుల లోతు ఉంటే అధిక భాగం కార్లను కూడా లాగుకొనిపోగలదు. ట్రైలరు గొట్టాలు విప్పి, జాకీలు ఎత్తి, బండికి తగిలించడానికి చాలా సమయం పడుతుంది. కనుక నీరు పెరుగుతున్నప్పుడు వాహనాన్ని విడిచి కాలినడకన ఎత్తైన చోటికి పోవడమే క్షేమం. పగటివేళనే ఆ దారిని చూసి ఉంచుకోవడం, బ్యాటరీతో పనిచేసే వాతావరణ రేడియోను రాత్రంతా ఉంచుకోవడం అవసరం. 'వాచ్' అనగా వరదకు అనుకూల పరిస్థితులు ఉన్నాయని, 'వార్నింగ్' అనగా వరద వచ్చినది లేక రాబోతున్నదని అర్థం.

ఇతర జాగ్రత్తలు

వెచ్చని మంచినీటిలో నెగ్లీరియా ఫౌలరీ అనే అమీబా జీవిస్తుంది. ఇది ముక్కు ద్వారా మెదడును చేరితే దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకం. నీరు త్రాగడం వలన సోకదు. టెక్సస్‌లోని ఒక క్యాంప్‌గ్రౌండులో ఆర్.వి. కుళాయి నీటిని కాచకుండా ముక్కు కడుగుకొనుటకు వాడిన 71 ఏళ్ళ స్త్రీ ఈ వ్యాధితో మరణించినట్లు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2025లో ప్రకటించింది. జలనేతి అలవాటు ఉన్నవారు కాచి చల్లార్చిన నీటిని గాని, డిస్టిల్డ్ వాటర్‌ను గాని వాడవలెను.

జీబ్రా మస్సెల్ అనే ఆల్చిప్ప జాతి కాన్యన్, ట్రావిస్ సరస్సులలో వ్యాపించి ఉన్నది. ఇది ఇతర జలాశయాలకు పాకకుండా పడవలోని నీటిని పూర్తిగా తీసివేయాలని చట్టం నిర్దేశిస్తున్నది.

ఇవి కూడా చూడండి

* టెక్సస్
* ఆకస్మిక వరద
* ఆనకట్ట
* ఆస్టిన్